శోథను ఆర్పివేస్తే పేగు బాగుపడుతుందా?

ఈమధ్య ఎటు చూసినా పేగు శోథను, అంటే లోపలి వాపును, సమూలంగా ఆర్పివేస్తామనే చూర్ణాల ప్రకటనలే. వాపు పుట్టించే సంకేతాలను నోరు మూయిస్తే పేగు దానంతటదే కుదుటపడుతుందని విక్రేతల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. చిట్టెలుకల పేగు మాత్రం దానికి ఒప్పుకోలేదు.

పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. ఇవతల కోటానుకోట్ల సూక్ష్మజీవులు, అవతల రక్షక కణాలు. ఈ పొర కణాలలో ఎన్ఎఫ్ కప్పా బి అనే సంకేత వ్యవస్థ ఉంది. శోథను రగిలించేదిగా దానికి అపకీర్తి. అది పనిచేయాలంటే నీమో అనే జన్యువు కావాలి. మనోలిస్ పాస్పరాకిస్ బృందం 2007లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, చిట్టెలుకల పేగు పొర కణాలలో మాత్రమే ఆ జన్యువును తొలగించారు. నిప్పు ఆరాలి కదా? వాటికి తీవ్రమైన, దీర్ఘకాలికమైన పెద్దపేగు శోథ వచ్చింది!

కారణం ఇది. ఆ సంకేతమే పొర కణాలను చావకుండా కాపాడుతోంది. అది లేకపోవడంతో కణాలు చచ్చాయి, పొరకు గండ్లు పడ్డాయి, సూక్ష్మజీవులు లోనికి చొరబడ్డాయి, రక్షక కణాలు వాటిపై విరుచుకుపడ్డాయి. సూక్ష్మజీవులను పసిగట్టే వ్యవస్థకు అవసరమైన మైడి88 జన్యువును కూడా తొలగించిన చిట్టెలుకలకు ఈ జబ్బు రాలేదు. ఇదంతా ఎలుకల గొడవ అని కొట్టిపారవేయకండి. నీమో లోపంతో పుట్టిన కొందరు మగపిల్లలలోనూ పేగు శోథ కనిపిస్తుంది.

"మీ వైద్యులూ శోథను అణచే మందులే ఇస్తున్నారు కదా" అంటారు. నిజమే, ఇస్తాము. కాని టీఎన్ఎఫ్ నిరోధక మందు ఇచ్చే ముందు క్షయ పరీక్ష చేయిస్తాము. ఎందుకంటే ఆ టీఎన్ఎఫే క్షయ క్రిములను అదుపులో ఉంచుతుంది. ఏ సంకేతాన్ని ఆపుతున్నామో, దానివల్ల ఏమి పోగొట్టుకుంటామో తెలిసి ఇచ్చే మందు అది. చూర్ణం ఏ కణంలో ఏ సంకేతాన్ని ఆపుతుందో అమ్మేవాడిని అడిగి చూడండి.

మలంలో రక్తం పడుతున్నా మొలలేనని సరిపెట్టుకొని, నెలల తరబడి పొడులు మింగి, రక్తహీనతతో తెల్లగా పాలిపోయి నా ఓపీకి వచ్చినవారిని ఎందరినో చూశాను. రక్తం పడినా, విరేచనాలు రాత్రి నిద్రలేపినా, అకారణంగా బరువు తగ్గినా వైద్యుని కలిసి, కొలనోస్కోపీ అవసరమేమో అడగండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారిని అవి మానేయమని ఎవరైనా చెబితే, ఆ మాటనే కాగితంపై రాసి సంతకం పెట్టమనండి.