పాలమూరుకు జాజ్ ఎందుకంటారా?

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో నలుగురు మిత్రులు కూర్చుని ఒక జాజ్ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా విన్నారనుకోండి. అందులో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది అని వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడితే చుట్టూ మూడు మాటలు వినబడతాయి. అది డబ్బున్నోళ్ల సంగీతం, మనకెందుకు అనేది ఒకటి. సరిగమలు రానివాళ్లు సంగీతం మీద తీర్పు చెప్పడమేమిటనేది రెండోది. మన జానపదమే కొనఊపిరితో ఉంటే పరాయి పాట మీద చర్చ దేనికనేది మూడోది. చదువుకున్నవాళ్లే ఈ మాటలు ఎక్కువగా అంటారు, అవి నిజమని నమ్మి అంటారు. మూడూ తప్పే. మూడోది మన పాటకు కీడు కూడా చేస్తోంది.

మొదటి మాట సంగతి చూద్దాం. జాజ్ మేడల్లో పుట్టలేదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ల వారసులు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ రేవు పట్టణంలో ఊరేగింపుల్లో, శవయాత్రల్లో, తాగుడు దుకాణాల్లో వాయిస్తూ దాన్ని తయారుచేసుకున్నారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో ఆ ఊళ్లోనే ఒక పేదవాడలో పుట్టాడు. చిన్ననాడు బొగ్గు బండి మీద కూలి చేశాడు. కొత్త సంవత్సరం సంబరంలో వీధిలో పిస్తోలు పేల్చాడని పట్టుకుపోయి పిల్లల దిద్దుబాటు గృహంలో పెడితే, అక్కడి బ్యాండులో కార్నెట్ వాయించడంలో చెయ్యి తిరిగింది. 1925 నుంచి షికాగోలో తన ‘హాట్ ఫైవ్’ బృందంతో చేసిన రికార్డులతో అతడు జాజ్ నడకనే మార్చేశాడు. దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు తట్ట మోసిన పాలమూరు లేబర్ బిడ్డలకు ఈ కథ పరాయిదెట్లా అవుతుంది? ఇవాళ పెద్ద హోటళ్లలో జాజ్ వినబడుతోందంటే అది ఆ హోటళ్ల ఎంపిక. కంపెనీ ఆఫీసుల్లో బతుకమ్మ ఆడినంత మాత్రాన బతుకమ్మ పాట కంపెనీలది అయిపోదు.

ఇక రెండో మాట. శాస్త్రం చదివినవాళ్లే మాట్లాడాలంటే జాజ్ చరిత్రలో సగం రాసి ఉండేవారే కాదు. 1932లో పారిస్‌లో కొందరు విద్యార్థులు, అభిమానులు కలిసి ‘హాట్ క్లబ్ ద ఫ్రాన్స్’ పెట్టుకున్నారు. రికార్డులు తెప్పించుకుని వినడం, వాటి మీద వాదించుకోవడం, రాయడం వాళ్ల పని. రెండేళ్లకు, 1934లో, ఆ క్లబ్బు పేరుతోనే జాంగో రైన్‌హార్ట్, స్తెఫాన్ గ్రాపెల్లిల తీగవాద్య బృందం నిలబడింది. జాంగో సంచార రోమానీ కుటుంబంలో పుట్టినవాడు. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా గిటారు వదల్లేదు. ఆ క్లబ్బులో ముఖ్యుడైన షార్ల్ దెలోనె, ఏ రికార్డులో ఎవరు ఏ వాద్యం వాయించారో పట్టిక కట్టి 1936లో పుస్తకంగా వేశాడు. మిత్రుల కబుర్లలోంచి ఒక గొప్ప బృందమూ, ఒక సంగీతానికి ఆధారమైన పట్టికా వచ్చాయి. వినేవాళ్ల మాటకు విలువ లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

అసలు వినేవాడు తీర్పు చెప్పడం మన నేలకు కొత్తా? విద్వద్గద్వాల అని పేరుపడిన సంస్థానం మనది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు కొలువుల్లో పండితులు పద్యాన్ని నిలబెట్టి ప్రశ్నించారు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చినప్పుడు వాళ్ల ఎదుట కూర్చున్నది చప్పట్లు కొట్టి ఊరుకునే సభ కాదు. జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను ఆ కళ్లతో చూడండి. 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు దఫాల్లో రికార్డు చేసిన ఆల్బమ్ అది. తోటి వాద్యకారులకు అతడు కొన్ని స్వరాల గుర్తులు మాత్రం ఇచ్చి, మిగతాది అక్కడికక్కడ అల్లమన్నాడు. సమస్య ఇస్తే పద్యం అల్లే అవధాని పనీ ఇదే కోవలోది. పూరణ అందంగా వచ్చిందా, గట్టెక్కడానికి పాదం నింపాడా అని తేల్చగలిగిన చెవికి ఆ ఆల్బమ్‌లోని జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్‌లో ఊహ ఎక్కడ పండింది, ఎక్కడ పొడిగింపు మాత్రమే మిగిలింది అన్నది కూడా అందుతుంది. కావలసిందల్లా మళ్లీ మళ్లీ వినే ఓపిక.

మూడో మాట దగ్గర నిలబడి మాట్లాడాలి. మన జానపదం కొనఊపిరితో ఉందంటారు. అయితే దానికి మనం చేస్తున్నదేమిటి? నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యను తీసుకోండి. వెదురు కర్ర, ఎండు సొరకాయ బుర్రలతో కట్టిన పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆయన గొంతుతో మొదలయ్యాక రాష్ట్రమంతా ఆయన పేరు విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి నుంచి ఆయన గురించి వచ్చిన వార్తల్లో శాలువాలు, సాయం, ఇబ్బందులు కనబడతాయి. సాయం అందాల్సిందే, అందకపోతే అడగాల్సిందే. కాని జాలిపడటం వేరు, వినడం వేరు. జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడేటప్పుడు ఆయన ఎక్కడ తీగను ఆపి గొంతును ఒంటరిగా వదులుతాడు? ఏ మెట్ల మీద చెయ్యి ఎక్కువగా ఆడుతుంది? కథ వేడెక్కిన చోట నడక ఎట్లా మారుతుంది? సినిమా పాటలో ఆ గొంతు కొద్దిసేపు వినిపించి తప్పుకుంటుంది. ఆ కొద్దిసేపట్లో కిన్నెరకు న్యాయం జరిగిందా, అది అలంకారంగా మిగిలిందా? ఇవి అడిగినవాళ్లు ఎంతమంది? శాలువా కప్పిన చేతులు లెక్కలేనన్ని. ఒక్క పాటను పూర్తిగా విని దాని మీద రెండు పేజీలు రాసిన చేతుల కోసం వెతుక్కోవాలి.

విమర్శిస్తే పేద కళాకారుడి మనసు నొచ్చుకుంటుందనేవాళ్లున్నారు. ఈ దయలో చిన్నచూపు ఉంది. కచేరీ విద్వాంసుడి కీర్తన మీద పత్రికలో సమీక్ష రాస్తాం, శ్రుతి ఎక్కడ జారిందో చెప్తాం. కిన్నెర దగ్గరికి వచ్చేసరికి ‘అద్భుతం, అంతరించిపోతోంది’ అని రెండు మాటలతో సరిపెడతాం. మొదటివాణ్ణి కళాకారుడిగా చూశాం, రెండోవాణ్ణి కాపాడాల్సిన వస్తువుగా చూశాం. గౌరవం దక్కింది మొదటివాడికే. కొత్త ఆల్బమ్‌ను పాత ఆల్బమ్ పక్కన పెట్టి మొహమాటం లేకుండా తూకం వేసే జాజ్ శ్రోతల అలవాటు మనకు అందుకే కావాలి. చెవికి పదును పెట్టుకునే పని జాజ్ దగ్గర మొదలుపెట్టినా, ఆ పదును కిన్నెర దగ్గరా, డప్పు దగ్గరా అక్కరకొస్తుంది.

జాజ్ వినడమంటే తెలుగు వదులుకోవడమన్నది కూడా అపోహే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్, ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. 2001లో వచ్చిన వాళ్ల ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బమ్‌లో త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి ‘గిరిరాజసుతా తనయ’ ఉంది. 2014లో శ్రీనివాస్ నలభై అయిదేళ్లకే పోయారు. 2023లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల శక్తి బృందం తెచ్చిన ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్‌లో అదే కృతి మళ్లీ వచ్చింది. ఆ ఆల్బమ్ 2024లో గ్రామీ అందుకుంది. ఒకే త్యాగరాజ కృతి, రెండు ఆల్బమ్‌లు, మధ్యన ఇరవై రెండేళ్లు. మాండలిన్ ఉన్న చోట ఏముంది, అది లేని చోటును ఎవరు నింపారు, కృతి భావం ఏ ఆల్బమ్‌లో నిలిచింది, ఎక్కడ వేగం దాన్ని మింగేసింది? పాతా కొత్తా పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. గ్రామీ వచ్చిందని పండుగ చేసుకోవడంతో మన పని అయిపోలేదు. విని, ఏది మెరుగో చెప్పుకోవడం మిగిలే ఉంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలో మనకు చూపినవాడు మన జిల్లావాడే. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు, ఇటిక్యాలపాడు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల పేర్లు, రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. లేరన్నవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు పేర్ల పట్టిక. రెండేళ్ల తర్వాత పారిస్‌లో దెలోనె జాజ్‌కు చేసిందీ అలాంటి పనే. మన పాటకు ఆ పట్టిక ఇప్పటికీ లేదు. ఫోన్లలో తిరిగే పాలమూరు పాటలు చాలావాటికి పాడినవాళ్ల పేరుంటే డప్పు కొట్టినవాళ్ల పేరుండదు, ఊరుంటే ఏడాది ఉండదు. ఒక తరం గడిస్తే ఎవరిది ఏ చెయ్యో చెప్పేవాళ్లు మిగలరు. పరాయి సంగీతం మీద చర్చ వల్ల మన పాటకు వచ్చిన నష్టం ఏమీ లేదు. మన పాట మీద చర్చే లేకపోవడం వల్ల వచ్చిన నష్టం మాత్రం ఇంత ఉంది.

కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మిత్రులకు నా విన్నపం. నెలకొక సాయంత్రం కలవండి. ఒక పాత జాజ్ ఆల్బమ్, ఒక కొత్తది, వాటి పక్కన మన ఊళ్లో రికార్డయిన ఒక పాట పెట్టుకోండి. మధ్యలో ఆపకుండా వినండి. నచ్చనిది నచ్చలేదని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఏ ఊళ్లో, ఏ ఏడు అనేది రాసిపెట్టండి. తెలియని పేరు ఉంటే ఆ ఊరికి పోయి అడగండి. మీ తీర్పులు ఒకరితో ఒకరికి కుదరకపోయినా ఫరవాలేదు, పేర్లు మాత్రం తప్పు పోకూడదు.