గొడ్డలి పొట్టిదైతే కాలు జాగ్రత్త

పోయిన డిసెంబర్‌లో నలుగురం కలిసి లంబసింగి వెళ్లాం. మిగతా ముగ్గురూ దుప్పట్లు, మ్యాగీ ప్యాకెట్లు, స్పీకర్ తెచ్చారు. నేను మాత్రం గొడ్డలి తెచ్చాను. ఆన్‌లైన్‌లో కొన్న బుల్లి చేతి గొడ్డలి. అడుగుంపావు పొడవు, కిలో కూడా లేని బరువు, రబ్బరు పట్టున్న పిడి, అంచుకి తొడుగు. బయల్దేరే ముందు రాత్రి దాంతో పది ఫొటోలు కూడా దిగాను.

చీకటి పడేసరికి చలి మొదలైంది. డిసెంబర్, జనవరిల్లో అక్కడ రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. టెంట్లు చూసుకునే పెద్దాయన ఒక కట్టెల మోపు ఇచ్చారు. కొన్ని మణికట్టంత, కొన్ని పిక్కంత లావు. పైన మంచుకి తడిసి ఉన్నాయి. అగ్గిపెట్టె సగం ఖాళీ చేశాం. పొగ తప్ప మంట లేదు.

ఇక నా వంతు అనుకుని లేచాను. రీల్స్‌లో చూసినట్టే కాళ్లు ఎడంగా పెట్టి, కట్టెను నేల మీద నిలబెట్టి, గొడ్డలి తల మీదికి ఎత్తి ఒక్కటి వేశాను. కట్టె పక్కకి ఒరిగిపోయింది. గొడ్డలి ఆగలేదు. ఎడమ మోకాలి కింద ప్యాంటు చీల్చుకుంటూ పోయింది. అదృష్టం, చర్మం మీద ఎర్రటి గీత మాత్రమే పడింది. ఇంకో అంగుళం లోపలికి వచ్చి ఉంటే? ఆ పొగమంచులో, ఆ ఘాట్ రోడ్డు మీద ఆసుపత్రికి ఎప్పటికి చేరేవాళ్లమో ఇప్పుడు తలచుకున్నా కాళ్లు వణుకుతాయి.

పెద్దాయన వచ్చి గొడ్డలి నా చేతిలోంచి తీసేసుకున్నారు. తిట్టలేదు. "ఇది నిలబడి కొట్టేది కాదు బాబూ, కూకుని కొట్టేది" అన్నారంతే.

సగం విద్య ఆ ఒక్క మాటలోనే ఉంది. పెద్ద గొడ్డలికి పిడి పొడవు. గురి తప్పినా చాలాసార్లు కాళ్లకి ముందే నేలలో దిగబడుతుంది. చేతి గొడ్డలికి పిడి పొట్టి. నిలబడి కొడితే, తప్పిన దెబ్బ నేలను చేరేలోపు దారిలో ఉండేది మన కాలే. అదే మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఒక మొద్దు పెట్టుకుని కొడితే ఆ దెబ్బ మొద్దుకో నేలకో తగులుతుంది. చుట్టుపక్కల ఎవరూ దగ్గరగా ఉండకూడదు. వీడియో తీసే ఫ్రెండ్‌తో సహా!

మిగతా సగం ఆయన చేసి చూపించారు. గొడ్డలిని తల మీదికి ఎత్తనే లేదు. కట్టె చివర, పోగుల వెంట, అంచుని ఆనించారు. ఎడమ చేత్తో కట్టె రెండో కొస, కుడి చేత్తో పిడి పట్టుకుని, రెండింటినీ కలిపే జానెడు ఎత్తి మొద్దు మీదికి దించారు. టక్. అంచు కట్టెలో దిగింది. ఇంకో రెండుసార్లు టక్, టక్. పిడిని కాస్త మెలితిప్పగానే కట్టె నిలువునా రెండు పేళ్లయింది. లావు కట్టెనైతే మొద్దు మీద నిలబెట్టి, అంచు పైన ఆనించి, గొడ్డలి వెనక భాగం మీద ఇంకో కట్టెతో కొట్టారు. సుత్తి మాత్రం వద్దన్నారు. ఇనుముకి ఇనుము తగిలితే పెచ్చులు ఎగిరి కంట్లో పడతాయట. ముడి ఉన్న కట్టెల్ని అసలు ముట్టుకోలేదు, పక్కన పడేశారు.

చీలిన కట్టెను చేతిలో పెడితే అప్పుడు అర్థమైంది. పైన బెరడు తడి, లోపల పొడి. మేం ఇంతసేపూ నీళ్లకి నిప్పు పెడుతున్నాం! కట్టెలో నీళ్లు ఆవిరైపోతే గానీ మంట అందుకోదు. సన్నగా చీలిస్తే వేడి తగిలే చోటు పెరుగుతుంది, త్వరగా ఆరుతుంది, త్వరగా అంటుకుంటుంది. అందుకే ఆయన నాలుగు కుప్పలు పెట్టారు: అగ్గిపుల్లంత, చిటికెన వేలంత, బొటనవేలంత, మణికట్టంత. సన్నవాటితో మొదలుపెట్టి ఒక్కో కుప్పా అందిస్తూ పోయారు. ఒక్క అగ్గిపుల్లకే మంట లేచింది.

తర్వాత మంట వెలుగులో నా గొడ్డలి అంచు చూసి నవ్వారు. కొత్తది కదా, పదునుగానే ఉంటుందనుకున్నాను. కాదు. మొండి అంచు కట్టెలో దిగదు, జారుతుంది. జారినప్పుడు అది ఎటు వస్తుందో నాకు అప్పటికే తెలుసు. ఇప్పుడు బయల్దేరే ముందు ఆకురాయితో, ఆపైన సానరాయితో అంచు సరిచేసుకుంటున్నా. తల పిడిలో కదులుతోందేమో చూస్తున్నా. ఇంకా ముఖ్యంగా, వెలుతురు ఉండగానే కట్టెలు చీల్చుకుంటున్నా. చీకట్లో, చలికి వేళ్లు బిగుసుకుపోయాక పట్టుకునే వస్తువు కాదది.

చేతిలో గొడ్డలి ఉంది కదా అని పక్కనున్న చెట్టు కొమ్మ మీద ప్రయోగాలు చేయకండి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. కళ్లు మండడం తప్ప ఏం లాభం ఉండదు. పైగా రిజర్వ్ ఫారెస్ట్‌లో చెట్టు నరకడం, నిప్పు పెట్టడం రెండూ నేరాలే. ఎండు కట్టెలు కొనుక్కోండి. మంట వేసుకోనిచ్చే చోటే వేసుకోండి. పడుకోబోయే ముందు నీళ్లు పోసి, పుల్లతో కెలికి, మళ్లీ పోయండి. బూడిద పూర్తిగా చల్లబడ్డాకే టెంట్లోకి వెళ్లండి.

ఆ చిరిగిన ప్యాంటు అమ్మ రెండుసార్లు పారేయబోయింది. ఇవ్వలేదు, కుట్టించనూ లేదు. ఇప్పుడు క్యాంపుకి వెళ్తే ఆ ప్యాంటే వేసుకుంటా. గొడ్డలి పట్టుకునే ముందు ఒకసారి కిందికి చూస్తా, కూర్చుంటా.