ఆగస్టు 18: హీలియంను ఆ రోజే కనుగొన్నారా?

పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక చదవనివాళ్లు అరుదు. ఇప్పుడైతే తెల్లారకముందే వాట్సాప్‌లో వచ్చి పడుతోంది. ఆగస్టు 18న అందులో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘1868లో గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్ హీలియంను కనుగొన్నారు.’ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ వాక్యం రాశాను. గుంటూరు పేరు చూసిన సంతోషంలో మిగతాది సరిచూసుకోలేదు.

ఇంతకీ ఆ ఉదయం జరిగిందేమిటి? సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు, దాని అంచున ఎగసే ఎర్రని జ్వాలల వెలుగును జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో విడదీసి చూశారు. ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులే. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడే, ఆగస్టు 19న, చూసి చూపించారు. ఆయన అసలు ఘనత ఇదే. కొత్త మూలకం దొరికిందని ఆయన అనలేదు.

ఆ గీతల్లో ఒకటి పసుపు రంగుది. చాలామంది దాన్ని సోడియం గీత అనుకున్నారు. మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు వేధశాల ఖగోళవేత్త నార్మన్ పాగ్సన్ మాత్రం అది సోడియం గీత దగ్గరో, సరిగ్గా అక్కడేనో తేల్చి చెప్పలేకపోయారు. ఆ సందేహమే ఎంతో విలువైనది. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఇదే గ్రహణం కోసం వనపర్తి వెళ్లారు. మన జాబితాల్లో ఈ రెండు పేర్లూ దాదాపు కనిపించవు.

అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్, జాన్సెన్ పని సంగతి తెలియకుండానే, గ్రహణం లేని సూర్యుడిపై అవే గీతలను చూశారు. ఇద్దరి ఫలితాలూ ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి. పసుపు గీత సోడియానిది కాదని, భూమిపై తెలియని మూలకానిదని వాదించింది లాకియరే. హీలియం అన్న పేరూ ఆ వాదన నుంచే వచ్చింది. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి ఆ వాయువును రాబట్టాకే అనుమానం తీరింది. అప్పటికి 27 ఏళ్లు గడిచాయి.

మరి హీలియంను కనుగొన్న రోజు ఏది? గీతను చూసిన రోజా, దానికి అర్థం చెప్పిన రోజా, వాయువు చేతికందిన రోజా?

అసలు తేదీ కూడా మనం అనుకున్నంత గట్టిది కాదు. ఇదే ఆగస్టు 18న, 1877లో, అమెరికాలోని వాషింగ్టన్‌లో అసఫ్ హాల్ అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్‌ను కనుగొన్నారని చదువుతాం. నాటి ఖగోళ రికార్డులు మాత్రం ఆగస్టు 17 అంటాయి. అప్పట్లో ఖగోళవేత్తలకు రోజు మధ్యాహ్నం మొదలయ్యేది మరి. రాత్రంతా సాగే పరిశీలన మధ్యలో తేదీ మారకూడదని ఆ ఏర్పాటు. అందుకే 18వ తేదీ తెల్లవారుజామున కనిపించింది వారి లెక్కలో 17నే నమోదైంది.

తేదీలు గుర్తుపెట్టుకోవడం తప్పని నేననను. గుంటూరు పేరు విని ఒక పిల్లవాడు సూర్యుడి గురించి ఆరా తీస్తే అంతకన్నా ఏం కావాలి? నా అభ్యంతరమల్లా ‘కనుగొన్నారు’ అన్న ఒక్క మాటపైనే. అది సందేహాన్ని, వాదాన్ని, ఏళ్ల శ్రమను చెరిపేస్తుంది. సైన్స్ అంటే అదృష్టవంతుడికి ఒక ఉదయం దక్కే వరం అని పిల్లలు నమ్మేస్తారు. ప్రయోగశాలలో తొలిసారి తికమకపడిన విద్యార్థి, తనకు సైన్స్ రాదేమో అనుకుంటాడు. పాగ్సన్ కూడా తేల్చుకోలేకపోయారని అతనికెవరూ చెప్పలేదు కదా.

వచ్చే ఆగస్టు 18న బడి నోటీసు బోర్డుపై ఇలా రాద్దాం: ‘1868లో గుంటూరులో, మచిలీపట్నంలో, వనపర్తిలో సూర్యుణ్ణి చూశారు. కనిపించిన పసుపు గీత ఏమిటో తేలడానికి 27 ఏళ్లు పట్టింది.’ ఒక వాక్యం పెరుగుతుంది, అంతే. చదివిన పిల్లల్లో ఒక్కరైనా ‘ఎందుకు అన్నేళ్లు పట్టింది?’ అని అడుగుతారు.