ఇంగ్లీషు సమాసవిశేషణములు - ఊనిక

గతమాసమున మా మేనకోడలు పాఠము బిగ్గరగా చదువుచు, 'వెల్-డ్రెస్ట్' అను మాటను 'వెల్లు డ్రెస్సెడు' అని పలికినది. ప్రక్కగదిలో నొకరు నవ్విరి. నాటినుండి ఆ పిల్ల పెదవి కదల్పకయే చదువుకొనుచున్నది. తప్పు స్వల్పమే కాని, ఆ నవ్వు చేసిన చెరుపు స్వల్పము కాదు. కావున ఈ మాసపు పుటను దీనికే వినియోగించుచున్నాము.

మన తెలుగు అజంతభాష. మాటచివర అచ్చు లేనిదే మన నోటికి తృప్తి కలుగదు. ఇంగ్లీషున నా మాటకు పలుకుభాగములు, అనగా సిలబుళ్లు, రెండే. మన పిల్ల నోట నవి యైదైనవి. వ్రాతలో చివర 'ఇ, డి' అను రెండక్షరములు కనబడినంతనే మోసపోరాదు. వానికి ముందు ట, డ ధ్వనులున్నప్పుడు మాత్రమే అవి వేరుభాగ మగుట సామాన్యనియమము. 'కైండ్-హార్టెడ్' మూడు భాగములు, 'ఆబ్సెంట్-మైండెడ్' నాలుగు. 'బ్లూ-ఐడ్' రెండే. 'వన్-లెగ్డ్' అను దానిని 'వన్-లెగ్గిడ్' అని పలుకువారును గలరు! ఇట్టి చిక్కులు ఏ భాషకు లేవు?

ఇక ఊనిక. మన ఛందస్సు గురులఘువులను లెక్కించును గాని ఊనికను లెక్కింపదు; అందుచేతనే ఇది మనకు క్రొత్త. 'సీ-సిక్', 'హోమ్-సిక్' అనువానిలో మొదటిభాగమును ఒత్తి పలుకవలెను. 'హోమ్-మేడ్' అట్లు కాదు. 'ఈ పికిల్ హోమ్-మేడ్' అని వాక్యాంతమున వచ్చినపుడు ఊనిక 'మేడ్' పై నుండును. 'హోమ్-మేడ్ పికిల్' అని నామమునకు ముందు వచ్చినపుడో, అది వెనుకకు జరిగి 'హోమ్' పై నిలుచును. ఏలయన 'పికిల్' మొదటనే ఊనిక గలది; 'మేడ్' నుగూడ గట్టిగా నొత్తినచో రెండు నిండుబిందెల నొకే చంక నెత్తుకొన్నట్లగును. 'వెల్-నోన్' కును ఇదే తీరు. ఈ మాటకు వ్రాతలోను భేదము గలదు: నామమునకు ముందు నడిమి అడ్డుగీత యుంచుదురు, క్రియకు తరువాత సాధారణముగా విడుతురు.

నేటి ఆక్స్‌ఫర్డు నిఘంటువులలో ఊనికగల భాగమునకు ముందు, పైవైపున, చిన్న నిలువుగీత యుండును. ఇంట నిఘంటువున్నవారు అర్థముతోపాటు ఆ గీతనుగూడ చూడుడు.

నిన్న మేము మేనకోడలిని ఊరగాయజాడీ ముందు నిలిపి, పై రెండు పలుకులను చెప్పించితిమి. మొదట తడబడినది. రెండవమారు సరిగా పలికినది. మూడవమారు మేమడుగకయే, ప్రక్కగదికి వినబడునట్లు పలికినది.