సగటు గంటలు చూపించి మనోళ్లని సోమరులు అనకండి

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక అన్న పోస్టు పెట్టారు. అమెరికాలో బ్యాంకులు, ఇన్సూరెన్స్ లాంటి ఆర్థిక రంగంలో వారానికి సగటున 37 గంటలకు పైనే పని, మొత్తం ప్రైవేటు రంగం సగటు చూస్తే 34 చిల్లరే అని. కింద "డబ్బున్నచోట పని ఎక్కువ, మనోళ్లు పని చేయరు కాబట్టే వెనకబడ్డారు" అని రాశారు. లైకులు కూడా బాగానే పడ్డాయి. అన్నా, మీరంటే గౌరవమే. కానీ ఈ మాట నేను ఒప్పుకోను.

నేను బీఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. ఆ అంకె అబద్ధం కాదు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రతి నెలా ఇచ్చేదే. కానీ అందులో ఏం లెక్కపెడతారో కూడా చూడాలి కదా.

ఒకటి, అవి జీతం లెక్క కట్టిన గంటలు. జీతంతో ఇచ్చిన సెలవు కూడా అందులో కలుస్తుంది. నెల జీతం మీద అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టిన గంటలు మాత్రం కనబడవు. 2021లో గోల్డ్‌మన్ శాక్స్‌లో కొత్తగా చేరిన 13 మంది తమలో తామే సర్వే చేసుకుని, వారానికి సగటున 95 గంటలు పనిచేస్తున్నామని చెప్పారు. అదే రంగంలో కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ చేసేవాళ్లూ ఉన్నారు. అందర్నీ ఒకే కుండలో కలిపేస్తే 37 వస్తుంది. అందులో ఎవరి కష్టం ఎంతో తెలీదు.

రెండు, గంటలు సూచికగా బాగా పనికొచ్చేది ఫ్యాక్టరీల్లో. ఆర్డర్లు తగ్గితే యజమాని ముందు ఓవర్‌టైమ్ ఆపుతాడు, తర్వాతే మనుషుల్ని తీసేస్తాడు. అందుకే కాన్ఫరెన్స్ బోర్డ్ వాళ్ల ముందస్తు సూచికలో ఫ్యాక్టరీ కార్మికుల గంటలు ఉంటాయి, బ్యాంకు గంటలు ఉండవు.

మూడు, అసలు విషయం ఇదే. ఆ లెక్కలో పొలం పని లేదు. సొంత కష్టం మీద బతికేవాళ్లు లేరు. ఇంటిపని అసలే లేదు.

మా అమ్మ కోడి కూయకముందే లేచి గెడ్డకి నీళ్లకెళ్తుంది. అంబలి కాచి, పిల్లల్ని చూసి, అప్పుడు కాఫీ తోటకి పోతుంది. సంత రోజు మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంది. ఆమెకి జీతం చీటీ లేదు కాబట్టి ఏ సగటులోనూ లేదు.

2019లో మన దేశంలో టైమ్ యూజ్ సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 299ని ఏడుతో గుణించండి. వారానికి దాదాపు 35 గంటలు! అమెరికా బ్యాంకు ఉద్యోగి వారమంతా చేసే పనికి రెండు మూడు గంటలే తక్కువ. రూపాయి జీతం లేదు, ఇందులో పొలం పని ఇంకా కలపలేదు. ఇదీ సగటే, మా అమ్మది ఇంకా ఎక్కువ.

2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు 90 అన్నారు. మన తల్లులు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. మరి ఎందుకు డబ్బున్నోళ్లు కాలేదు? గంటలు తక్కువై కాదు, గంటకి దక్కేది తక్కువై. మన కాఫీకి రేటు మనం కడుతున్నామా, షావుకారు కడుతున్నాడా?

బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పరీక్షలో ఆ బిట్ వస్తే కరెక్టుగా టిక్ పెట్టండి, మార్కు వదులుకోవద్దు. ఆ అంకెతో మనోళ్లని మాత్రం కొలవకండి.

అన్నా, పోస్టు తీసేయమనను. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక్కరోజు మీ అమ్మగారి గంటలు లెక్కపెట్టి, అదే పోస్టు కింద రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.