సొంతూరు వినని గొంతు

1996 మే నెలలో విల్లిస్ కానొవర్ చనిపోయినప్పుడు అమెరికాలో చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు. వార్సా, మాస్కోల్లోని జాజ్ ప్రియులకు మాత్రం ఆయనది ఇంటి మనిషి గొంతు.

ఈ తిరకాసు వెనక ఒక చట్టం ఉంది. ఆయన కార్యక్రమాలు ప్రసారం చేసిన వాయిస్ ఆఫ్ అమెరికా సర్కారు రేడియో. అది పరాయి దేశాలకు పంపేది సొంత జనానికి వినిపించడానికి 1948 నాటి స్మిత్-ముంట్ చట్టం ఒప్పుకోలేదు.

1955 జనవరిలో ఆయన జాజ్ కార్యక్రమం మొదలైంది. ముందు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించే 'టేక్ ది ఏ ట్రెయిన్', ఆ వెనకే లోతైన గొంతు, మాటకూ మాటకూ మధ్య తీరుబడి. షార్ట్‌వేవ్ గరగరలో, అరకొర ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు కూడా అందాలి కదా! ఆయన్ని వింటూ ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లున్నారు. ఆ పాటలను టేపుల్లోకి ఎక్కించుకుని, అరగదీసి, వాయించడం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1959లో ఆయన పోలండ్ వెళ్తే విమానాశ్రయం దగ్గర అభిమానులు గుమిగూడారు.

అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. ఆ రేడియో పెట్టిందే ప్రచారానికి. కానొవర్ మాత్రం రాజకీయం జోలికి పోలేదు. జాజ్‌లోనే స్వేచ్ఛ ఉందని ఆయన నమ్మకం. మన కచేరీలో తాళానికి కట్టుబడి విద్వాంసుడు మనోధర్మం చూపినట్టే, జాజ్‌లోనూ కట్టుబాటు లోపలే స్వేచ్ఛ. ఉపన్యాసం కంటే ఇదే బాగా పనిచేసింది. దాని వెనక ఆయన మొండితనం కూడా ఉంది. నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన ఉద్యోగిగా చేరలేదు, కాంట్రాక్టు మీదే గడిపారు. ఏ రికార్డు వేయాలో పైవాళ్లు చెప్పకూడదు, అంతే.

పైవాళ్లు చెబితే ఏమవుతుందో మన పెద్దలకు తెలుసు. 1950లలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే, శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు.

రేడియో బయట కూడా ఆయన పని జాజే. న్యూపోర్ట్ జాజ్ ఉత్సవాల్లో దశాబ్దానికి పైగా వ్యాఖ్యానం చేశారు. 1969 ఏప్రిల్ 29న ఎల్లింగ్టన్ డెబ్భయ్యో పుట్టినరోజుకు వైట్‌హౌస్‌లో కచేరీ ఏర్పాట్లు చూశారు. అధ్యక్షుడు నిక్సన్ ఆ రాత్రి ఎల్లింగ్టన్‌కు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందజేశారు. అదే పతకం కానొవర్‌కూ ఇవ్వాలని తర్వాత అభిమానులు అడిగారు. ఇవ్వలేదు. ఇవ్వాల్సింది.

సొంత జనానికి వినిపించకుండా కట్టేసిన ఆ చట్టాన్ని చివరికి 2013లో సడలించారు. అప్పటికి కానొవర్ పోయి 17 ఏళ్లు.