సంతకం బాబాయిది

గుడివాడ నుంచి బెజవాడ వచ్చే బస్సులో మా పిన్ని వెనక సీట్లో కూర్చోదు. వెనక కుదుపెక్కువ. ముందు కూర్చుంటే గతుకు వచ్చేది కనిపిస్తుంది, ఆ లోపు మడిచిన తువ్వాలు పొత్తికడుపుకి అదిమి పట్టుకోవచ్చు. పదకొండేళ్లుగా ఆమె ప్రయాణం ఇలాగే సాగుతోంది.

ముప్పై ఆరో ఏట ఆమెకు గర్భసంచి తీసేశారు. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని వెళితే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది" అన్నారు. మూడో రోజుకల్లా ఆపరేషన్ అయిపోయింది. ఏడాది తిరగకుండానే నొప్పి మొదలైంది. అన్నం తిన్న అరగంటకి బొడ్డు కింద ఎవరో లోపల్నుంచి పట్టి లాగుతున్నట్టుండేది. సూర్యారావుపేటలో మేం ఎక్కని గుమ్మం లేదు. ప్రతి స్కానింగూ నార్మలే. గ్యాస్ అన్నారు, ఆలోచనలెక్కువ అన్నారు, ఒకాయన నిద్రమాత్రలు రాశాడు. చివరికి ఒక పెద్ద వయసు సర్జన్ పాత కోత మీద వేలు పెట్టి, ఎక్కడెక్కడ లాగుతోందో ఓపిగ్గా అడిగి, "పేగులు అతుక్కున్నట్టున్నాయమ్మా. పొట్ట కోశాక ఇది మామూలే" అన్నాడు.

"మామూలే అయితే కోసే ముందు చెప్పలేదేమండీ?" అంది పిన్ని. ఆయన దగ్గర జవాబు లేదు.

పేగుల మీద పల్చటి తడిపొర ఉంటుంది. కడిగిన అరిటాకులు ఒకదాని మీద ఒకటి జారినట్టు, ఆ పొర వల్లే పేగులు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా కదులుతాయి. కత్తి తగిలినా, చేయి ఒరిపిడి తగిలినా, గ్లవ్స్ పొడి రాలినా ఆ పొర గాయపడుతుంది. గాయం మీద జిగురు ఊరుతుంది. అది కొద్దిరోజుల్లో కరిగిపోవాలి. కరగకపోతే గట్టిపడి తీగల్లా సాగి పేగుని పేగుకో, కోత మచ్చకో కట్టేస్తుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు, ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం బతుకంతా నొప్పి. ఇంకొందరికి పేగు మడతపడి దారి మూసుకుపోతుంది. అప్పుడు ప్రాణానికే ముప్పు. ఈ తీగలు మామూలు స్కానింగులో చాలావరకు కనిపించవు. అందుకే నొప్పి ఉన్న మనిషి మాట నమ్మాలి.

స్కాట్లాండ్‌లో 1986లో పొట్ట కోసి ఆపరేషన్ చేసినవాళ్లను పదేళ్ల పాటు గమనించి, 1999లో లాన్సెట్ పత్రికలో లెక్క ప్రచురించారు. ఇలాంటి అతుకుల వల్లనో, అతుకులని అనుమానించదగ్గ కారణంతోనో, అవి అడ్డం పడగల మరో ఆపరేషన్‌కో మూడో వంతుకి పైగా మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఒక్కొక్కరూ సగటున రెండుసార్లు.

ఈ లెక్క పట్టుకుని మన సుప్రీంకోర్టు తీర్పు చదవండి. 2008 జనవరి నాటి సమీరా కోహ్లీ కేసు అది. లోపల ఏముందో చూడ్డానికి మత్తిచ్చిన మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు, తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. తల్లి సమ్మతి చెల్లదంది కోర్టు. చికిత్స ఎందుకో, వేరే దారులేమున్నాయో, గట్టి ముప్పులేమిటో రోగికే చెప్పాలంది. అరుదైన ముప్పులన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అంది, అది న్యాయమే. మరి మూడో వంతు మంది మళ్లీ ఆసుపత్రిలో చేరినప్పుడు ఏదో రకంగా లెక్కలోకి వచ్చిన అవస్థ అరుదైనదెలా అవుతుంది?

పిన్ని ఫైలు జిరాక్స్ నా దగ్గరుంది. సమ్మతి పత్రం ఒక పేజీ, అంతా ఇంగ్లీషే. ఆపరేషన్ పేరు చేత్తో రాసి ఉంది. కింద బాబాయి సంతకం. పిన్ని సంతకం ఎక్కడా లేదు. పదో తరగతి చదివిన మనిషి, వీధి చీటీల లెక్కలన్నీ తనే రాస్తుంది. 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే సమ్మతి ఎవరివ్వాలో చెప్పే వాక్యంలో భర్తో భార్యో ముందుంటారు, రోగి చివరన ఉంటుంది.

మన రాష్ట్రంలో ఈ మాట మరీ గట్టిగా అనాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వీళ్లలో ఎందరికి పేగుల మాట చెప్పి ఉంటారు? అపెండిక్స్ పగిలితే, కాన్పు అడ్డం తిరిగితే కోయాల్సిందే, దానికి ఎవరం అడ్డు చెప్పం. మందులతో ఆగే రక్తస్రావానికి పొట్ట కోసేటప్పుడు మాత్రం పేగుల సంగతి పదినిమిషాలు చెప్పడం బాకీయే.

ఎందుకంటే తర్వాత దిద్దుకోవడం కష్టం. అతుకులు తెంచితే తెంచినచోట కొత్తవి పుడతాయి. 2003లో ప్రచురితమైన నెదర్లాండ్స్ పరిశోధనలో వందమందికి లాప్రోస్కోపీ చేసి, కొందరికి అతుకులు తెంచారు, మిగతావాళ్లకు చూసి వదిలేశారు. ఏడాది తర్వాత రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. తెంచినందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు పిన్నికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. పేగులు అతుక్కున్న పొట్టలో మళ్లీ చేయి పెడితే పేగుకి చిల్లి పడొచ్చని ఈసారి తనే తెలుసుకుని అడిగింది. సమ్మతి కాగితం బాబాయి చేతికిస్తుంటే తను తీసుకుని, ఇంటికి తెచ్చి నాతో తెలుగులో రాయించుకుంది. ఇంకా సంతకం పెట్టలేదు. అడగాల్సినవి రెండు మిగిలాయట, సోమవారం మళ్లీ బస్సెక్కుతోంది.